ఫోన్-ఇన్: గుండె సర్జన్ కావాలంటే

యాంకర్: నమస్కారం. ముప్పై ఏళ్లు గుండె ఆపరేషన్లు చేసిన డాక్టర్ గారు మనతో ఉన్నారు. మొదటి కాల్ తెనాలి నుంచి. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే సార్. మా అమ్మాయి బైపీసీ సెకండియర్. గుండె ఆపరేషన్ల డాక్టరే అవుతానంటోంది. మా ఆడపడుచేమో స్కిన్ డాక్టరైతే హాయి కదా అంటుంది. మావారు ఏదీ తేల్చరు. నాకు నిద్ర పట్టట్లేదు సార్. ఎన్నేళ్లు పడుతుంది?

డాక్టర్: ఎంబీబీఎస్ ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు. ఎమ్మెస్ జనరల్ సర్జరీ 3, ఆపైన గుండె సర్జరీలో ఎంసీహెచ్ అనే సూపర్ స్పెషాలిటీ 3. ఎంబీబీఎస్ తర్వాత నేరుగా 6 ఏళ్ల డీఆర్‌ఎన్‌బీ కోర్సు కూడా ఉంది, అదీ ఎంసీహెచ్ లాంటిదే.

కాలర్: అయితే పాతికేళ్లకి అయిపోతుందా సార్? సంబంధాలు చూడాలి కదా...

డాక్టర్: ముప్పై దాకా చదువేనమ్మా. పెళ్లి సంగతి అమ్మాయినే అడగండి. ఒక్కటి మాత్రం ముందే చెప్పండి. థియేటర్‌లో చేసేది సగం పనే, మిగతా సగం ఐసీయూలో. రాత్రి రెండింటికి డ్రెయిన్‌లో, అంటే ఛాతీలో పెట్టిన గొట్టంలో, రక్తం ఎక్కువ వస్తోందని ఫోనొస్తే లేచి వెళ్లాలి.

కాలర్: అయ్యో. ఆపరేషన్లో చేతులు వణకవా సార్?

డాక్టర్: అలవాటు చేసుకోవాలి. బైపాస్‌లో వాడే దారం వెంట్రుకంత సన్నం. లూప్స్, అంటే కళ్లజోడుకి బిగించే భూతద్దాలు, పెట్టుకుని కుడతాం. మెషీన్ పెట్టి చేస్తే అంతసేపూ గుండె ఆగి ఉంటుంది, రక్తాన్ని మెషీన్ తిప్పుతుంది. గుండెకి రక్తం వెళ్లకుండా పెట్టిన క్లాంప్ తీయగానే పాలిపోయిన గుండెకి రంగొస్తుంది. ముందు సన్నగా వణుకుతుంది, తర్వాత కొట్టుకుంటుంది. ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్లు జలదరిస్తుందమ్మా.

కాలర్: మొత్తం ఎన్నేళ్లన్నారు సార్?

డాక్టర్: పదకొండున్నర. అదీ ప్రతి సీటూ మొదటిసారే వస్తే. పంపండమ్మా, భయపడకండి.

యాంకర్: థాంక్యూ అమ్మా. కరీంనగర్, చెప్పండి.

కాలర్: సార్, మా నాన్నకు బైపాస్ అయింది. రక్తం పలచబడే మాత్ర ఆపేయొచ్చా?

డాక్టర్: ఆపొద్దు. ఆపరేషన్ చేసిన డాక్టర్ని అడగకుండా ఏ మాత్రా ఆపొద్దు బాబూ.

యాంకర్: థాంక్యూ. తర్వాత రాజమండ్రి.

కాలర్: సార్, నీట్‌కి చదువుతున్నాను. తెలుగువాళ్లలో పెద్ద గుండె సర్జన్లున్నారా?

డాక్టర్: మీ ఊళ్లో పుట్టిన డాక్టర్ పి. వేణుగోపాల్ గారి పేరు వినలేదా! 1994 జూలైలో అవయవ మార్పిడి చట్టం వచ్చింది. ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో దేశంలోనే మొదటిసారి విజయవంతంగా గుండె మార్పిడి చేశారు. తర్వాత ఆ ఎయిమ్స్‌కే డైరెక్టరయ్యారు. బాగా చదువు నాన్నా. కానీ ఐసీయూ సంగతి మర్చిపోకు, సగం పని...

యాంకర్: డాక్టర్ గారూ, టైమైపోయింది. థాంక్యూ సార్.