సమ్మెల వల్లే విదేశీ కంపెనీలు వచ్చాయా? బల్లార్‌పూర్‌లో ఒక ఇంటి లెక్క

(తెర మీద: బల్లార్‌షా స్టేషన్ బోర్డు. వెనక బొగ్గు వ్యాగన్ల మోత.)

నమస్తే. బల్లార్‌పూర్, రాజురా, చంద్రపూర్, ఇటు సిరోంచా, అటు కాగజ్‌నగర్ దాకా చూస్తున్న మన తెలుగువాళ్ళందరికీ నమస్కారం.

మన దగ్గర ఏ సమ్మె జరిగినా ఫోన్లలో తిరిగే మాట ఒకటే. "మళ్ళీ సంప్ (సమ్మె) మొదలెట్టారు. గవర్నమెంటు నౌకర్లకు సమ్మె హక్కే లేదని సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. వీళ్ళ సమ్మెల వల్లే మన ఫ్యాక్టరీలు దెబ్బతిని, చైనా సరుకూ విదేశీ కంపెనీలూ వచ్చి కూర్చున్నాయి." లాల్‌పరీ, అంటే ఎస్టీ ఎర్ర బస్సులు ఆగినప్పుడు ఇదే మాట, 2023 మార్చిలో పెన్షన్ సమ్మెకు ఇదే మాట, బొగ్గు గనుల సమ్మెకూ ఇదే. చదువుకున్నవాళ్ళు కూడా చూసుకోకుండా పంపేస్తుంటే నాకు నిజంగా బాధేస్తుంది. అందులో మొదటి ముక్క సగమే నిజం. రెండో ముక్క పూర్తిగా తలకిందులు.

ఒక ఇల్లు ఊహించుకోండి. రెండు తరాల కింద కరీంనగర్ వైపు నుంచి వచ్చి బల్లార్‌పూర్‌లో స్థిరపడ్డ కుటుంబం. పెద్దన్న రాజురా తహసీల్ ఆఫీసులో క్లర్క్. నడిపన్న కోల్ ఇండియా కింద ఉండే వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ గనిలో పని. చిన్నన్న భద్రావతిలో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలో కార్మికుడు. చెల్లె హైదరాబాద్ పక్కన ఆదిబట్లలో, విదేశీ కంపెనీ భాగస్వామ్యంతో విమానాల భాగాలు తయారుచేసే ప్లాంటులో ఉంది. వీధిలో ఎవరినడిగినా అన్నలు ముగ్గురివీ సర్కారీ నౌకరీలే అంటారు. సంబంధాలు చూసేటప్పుడు ముగ్గురికీ ఒకటే విలువ. కానీ సమ్మె అనేసరికి ఈ ముగ్గురినీ చట్టం మూడు రకాలుగా చూస్తుంది.

పెద్దన్నతో మొదలుపెడదాం. ఆయన రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగి. జీతం పే కమిషన్ చెప్పినట్టు, నడత ప్రవర్తనా నియమావళి చెప్పినట్టు. సమ్మె చేయకూడదని ఆ నియమావళిలోనే ఉంటుంది. కేంద్ర ఉద్యోగులకైతే 1964 నాటి నియమాల్లో 7వ నియమం. బిహార్ ఉద్యోగుల కేసు, కామేశ్వర్ ప్రసాద్ కేసు అంటారు, 1962లో సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. శాంతియుతంగా ప్రదర్శన చేసుకోవచ్చు, దాన్ని నిషేధించే నియమం చెల్లదు, కానీ సమ్మె ప్రాథమిక హక్కు కాదు అని కోర్టు చెప్పింది. ఈ కేసులో ఉద్యోగి గెలిచిన సగం ఎవరికీ గుర్తుండదు.

ఇక అందరూ చెప్పే కేసు 2003 నాటిది. తమిళనాడులో సమ్మె చేసినందుకు దాదాపు 1,70,000 మంది ఉద్యోగులను ఒక్క దెబ్బతో తీసేశారు. ఆ రంగరాజన్ కేసులోనే, ప్రభుత్వ ఉద్యోగులకు సమ్మె చేసే ప్రాథమిక హక్కు గానీ, చట్టపరమైన హక్కు గానీ, నైతిక హక్కు గానీ లేవని సుప్రీంకోర్టు అంది. చివరికి క్షమాపణ పత్రాలు రాయించుకుని చాలామందిని తిరిగి తీసుకున్నారు. నైతిక హక్కు కూడా లేదన్న మాటను నేనైతే ఒప్పుకోలేను. చట్టం ఏం చెబుతుందో కోర్టు చెప్పొచ్చు. ఇరవై ఏళ్ళు పనిచేసిన మనిషి పెన్షన్ పోతోందని పని ఆపితే అది నీతో అవినీతో ఒక్క వాక్యంలో తేలేది కాదు.

2023 మార్చిలో మన పెద్దన్న చేసింది అదే. మహారాష్ట్రలో 2005 నవంబర్ 1న, ఆ తర్వాత చేరినవాళ్ళకు పాత పెన్షన్ లేదు. దాన్ని తిరిగి ఇవ్వాలని 14వ తేదీన సమ్మె మొదలైంది, 20న చర్చల తర్వాత విరమించారు. ఆ నెలలోనే అసెంబ్లీలో అత్యవసర సేవల చట్టం, మనవాళ్ళు మెస్మా అనేది, మళ్ళీ ఆమోదం పొందింది. హక్కు లేదన్నా సమ్మె జరిగింది, ప్రభుత్వం కూర్చుని మాట్లాడింది. ఆ వారం రోజులు పెద్దన్న ఆఫీసులో ఆగింది ఏమిటి? కులం సర్టిఫికెట్లు, సాత్‌బారా (భూమి రికార్డు) నకళ్ళు. బయట ఆసుపత్రుల్లో కొంత పని. జనానికి ఇబ్బందే, కాదనను. కానీ ఏ ఫ్యాక్టరీ మగ్గమూ ఆగలేదు, ఏ విదేశీ సరుకూ ఆ సందులోంచి లోపలికి రాలేదు.

ఇప్పుడు నడిపన్న. ఇక్కడే చాలామంది పొరపడేది. కోల్ ఇండియా ప్రభుత్వానిదే, 1973లో గనులను జాతీయం చేశాక 1975లో పుట్టిన సంస్థ. కానీ అది కంపెనీ. నడిపన్న ప్రభుత్వ ఉద్యోగి కాడు, కంపెనీ కార్మికుడు. 2003 తీర్పులోని మాటను తీసుకొచ్చి ఆయన మీద పెట్టడం తప్పు. ఆయనకు వర్తిస్తూ వచ్చింది 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం. అందులో సమ్మె నేరం కాదు. నోటీసు ఇవ్వాలి, గడువు ఆగాలి, రాజీ చర్చలు నడుస్తుండగా చేయకూడదు. ఈ షరతులు తప్పితేనే అక్రమం. జీతం కూడా పే కమిషన్ ఇచ్చేది కాదు. యూనియన్లూ యాజమాన్యమూ కలిసి కూర్చునే జేబీసీసీఐ అనే కమిటీలో బేరమాడి తేల్చుకుంటారు. 2023 మేలో కుదిరిన 11వ వేతన ఒప్పందంలో 19 శాతం పెరుగుదల అలా వచ్చిందే. అటు మంచిర్యాల, బెల్లంపల్లి వైపు సింగరేణి బాయిల్లో ఉన్న మన చుట్టాలకూ అదే ఒప్పందం. బేరానికి కూర్చునే చోట పని ఆపే వీలు లేకపోతే అవతలివాళ్ళు ఎందుకు వింటారు? పెద్దన్నకూ నడిపన్నకూ అసలు తేడా అదే.

చిన్నన్న సంగతి ఇంకా చిక్కు. భద్రావతి ఫ్యాక్టరీలో మందుగుండు తయారవుతుంది. ఆయన కేంద్ర ప్రభుత్వ సివిలియన్ ఉద్యోగి, అంటే పెద్దన్న లాంటివాడు. కానీ ఫ్యాక్టరీలో యంత్రం ముందు నిలబడే కార్మికుడు, అంటే నడిపన్న లాంటివాడు కూడా. అందుకే ఆర్డినెన్స్ ఫ్యాక్టరీల్లో యూనియన్లు నోటీసు ఇచ్చి సమ్మెలు చేస్తూ వచ్చాయి. 2019 ఆగస్టు 20న దేశమంతా 41 ఫ్యాక్టరీల్లో నెల రోజుల సమ్మె అని మొదలుపెట్టి, హామీ వచ్చాక కొద్ది రోజులకే వాయిదా వేసుకున్నారు.

ఈ ముగ్గురినీ గుర్తుపెట్టుకుని తారీఖులు చూడండి. నాకు ఈ విషయంలో అన్నిటికంటే ముఖ్యం అనిపించేది ఇదే.

(తెర మీద: తారీఖుల వరుస.)

2019 ఆగస్టులో కేంద్రం బొగ్గు తవ్వి అమ్ముకోవడంలో 100 శాతం విదేశీ పెట్టుబడికి అనుమతి ఇచ్చింది. సెప్టెంబర్ 24న బొగ్గు కార్మికులు సమ్మె చేశారు. 2020 మే 16న, లాక్‌డౌన్ మధ్యలో, ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ ఒకే ప్రెస్‌మీట్‌లో మూడు విషయాలు చెప్పారు. బొగ్గులో వాణిజ్య తవ్వకం, ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలను కంపెనీలుగా మార్చడం, రక్షణ తయారీలో ప్రభుత్వ అనుమతి అడగకుండా నేరుగా వచ్చే విదేశీ పెట్టుబడి పరిమితిని 49 నుంచి 74 శాతానికి పెంచడం. ఒక్క రోజులో నడిపన్న, చిన్నన్న ఇద్దరి బతుకుల్లోకీ ఈ విషయం వచ్చేసింది. జులై 2, 3, 4 తేదీల్లో బొగ్గు సమ్మె. అక్టోబర్ 12 నుంచి ఆర్డినెన్స్ ఫ్యాక్టరీల సమ్మె అని నోటీసు, లేబర్ కమిషనర్ దగ్గర చర్చలతో వాయిదా. 2021లో మళ్ళీ, జులై 26 నుంచి నిరవధిక సమ్మె అని ప్రకటించారు. దాన్ని ఆపడానికి జూన్ 30న కేంద్రం అత్యవసర ఆదేశం (ఇదీ ఆర్డినెన్సే, ఫ్యాక్టరీ పేరుతో సంబంధం లేదు) తెచ్చింది, ఆగస్టులో అది చట్టమైంది. అదే ఎసెన్షియల్ డిఫెన్స్ సర్వీసెస్ చట్టం. సమ్మెలో పాల్గొంటే ఏడాది దాకా జైలు లేదా 10,000 రూపాయల జరిమానా, ప్రోత్సహిస్తే రెండేళ్ళు లేదా 15,000, కావాలంటే రెండూ. అక్టోబర్ 1న 41 ఫ్యాక్టరీలు ఏడు కంపెనీలయ్యాయి. భద్రావతి మ్యునిషన్స్ ఇండియా కిందికి వెళ్ళింది.

వరుస చూశారు కదా. విదేశీ పెట్టుబడి నిర్ణయం ముందు, సమ్మె తర్వాత, సమ్మెను ఆపే చట్టం ఆ తర్వాత. ఫోన్లో తిరిగే మాట దీన్ని తిప్పి చెబుతోంది.

ప్రభుత్వం వైపు వాదన కూడా చెప్పాలి. 2020 జూన్‌లో గల్వాన్‌లో చైనా సైన్యంతో ఘర్షణ జరిగింది, సరిహద్దులో సైన్యం ఉండగా గుండ్ల తయారీ ఆగకూడదన్నారు. అందులో బలం ఉంది. ఆ చట్టానికి ఏడాదే గడువు పెట్టారు, అదీ నిజమే. కానీ ఆ ఏడాదే కంపెనీలుగా మార్చడం పూర్తయింది. కార్మికుడు కాదనగలిగే సమయం సరిగ్గా అదే. 2025 జనవరి 24న భండారా ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ పేలుడులో కనీసం ఎనిమిది మంది చనిపోయారు. అలాంటి చోట పనిచేసేవాడు పని ఆపి నిలదీసే దారి పూర్తిగా మూసుకుపోవడం నాకు భయంగానే ఉంటుంది.

మరి సమ్మెలు లేకపోతే ఫ్యాక్టరీలు మన దగ్గరే ఉంటాయా? అమెరికా చూడండి. అక్కడ ఫెడరల్ ఉద్యోగులు సమ్మె చేయకూడదు. 1981లో విమానాల రాకపోకలు చూసే కంట్రోలర్లు చేస్తే, అధ్యక్షుడు రీగన్ 11,000 మందికి పైగా ఇంటికి పంపాడు. అంతకంటే గట్టిగా ఎవరు అణుస్తారు? అయినా 2000లో కోటీ 70 లక్షలకు పైగా ఉన్న ఫ్యాక్టరీ ఉద్యోగాలు 2010కి కోటీ 20 లక్షల లోపుకు పడిపోయాయి. మధ్యలో జరిగింది 2001 డిసెంబర్‌లో చైనా ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరడం. మన పెద్దన్న లాంటి క్లర్కులు అక్కడ ఒక్క రోజు కూడా పని ఆపకపోయినా ఫ్యాక్టరీలు పోయాయి.

"మరి చైనాలో సమ్మె హక్కు లేదు కదా, అందుకే ఎదిగింది" అంటారు. 1982లో వాళ్ళ రాజ్యాంగం నుంచి ఆ హక్కు తీసేసిన మాట నిజం. కానీ వియత్నాంలో చట్టం సమ్మెను ఒప్పుకుంటుంది, శాంసంగ్ ఫోన్ల పెద్ద ఫ్యాక్టరీలు అక్కడే ఉన్నాయి. జర్మనీలో శాశ్వత సివిల్ ఉద్యోగులకు సమ్మె లేదు, కార్ల ఫ్యాక్టరీ కార్మికులకు ఉంది, కార్లు తయారవుతూనే ఉన్నాయి. ఫ్రాన్స్‌లో ప్రభుత్వ ఉద్యోగులకు కూడా ఉంది. కంపెనీ చూసేది కరెంటు, ఓడరేవు, విడిభాగాలు ఎంత దగ్గర్లో దొరుకుతాయి, పన్ను ఎంత, జీతం ఎంత. తహసీల్ ఆఫీసులో సమ్మె జరిగిందా అని ఎవరూ అడగరు.

బొగ్గు సంగతే చూడండి. తలుపు 100 శాతం తెరిచారు. మొదటి విడత వేలంలో 19 గనులు వెళ్ళాయి, అన్నీ మన దేశ సంస్థలకే. నడిపన్న సమ్మె చేసినా చేయకపోయినా విదేశీ కంపెనీ తన లెక్క తాను చూసుకుంది.

టైమ్ అయిపోతోంది, చెల్లె గురించి గబగబా చెప్పేస్తాను. ఆమె చేసేది పక్కా ప్రైవేటు ఉద్యోగం. కాబట్టి అన్నలందరి కంటే ఆమెకే చట్టంలో సమ్మెకు దారి విశాలంగా ఉండేది. మామూలు ఫ్యాక్టరీలో ముందస్తు నోటీసు కూడా అక్కర్లేదు, అది పబ్లిక్ యుటిలిటీలకే, అంటే కరెంటు, నీళ్ళు, రైల్వే లాంటి సేవలకే. 2024 సెప్టెంబర్‌లో తమిళనాడులో శ్రీపెరుంబుదూర్ శాంసంగ్ కార్మికులు యూనియన్ గుర్తింపు కోసం నెలకు పైగా సమ్మె చేశారు. యూనియన్ రిజిస్టర్ అయింది, ఫ్యాక్టరీ అక్కడే ఉంది.

2025 నవంబర్ 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది. ఇప్పుడు చెల్లె కూడా నోటీసు ఇచ్చి 14 రోజులు ఆగాలి. ఆ నోటీసు 60 రోజుల వరకే పనికొస్తుంది. రాజీ చర్చలు నడుస్తుంటే చేయకూడదు, ముగిశాక ఏడు రోజులు కూడా చేయకూడదు. సగం మంది ఒకే రోజు కలిసి క్యాజువల్ లీవ్ పెడితే అదీ సమ్మె కిందే లెక్క. తప్పితే 1,000 నుంచి 10,000 దాకా జరిమానా లేదా నెల దాకా జైలు, కావాలంటే రెండూ. నడిపన్నకూ ఇదే. పెద్దన్న ఈ కోడ్ బయటే ఉంటాడు, ఆయనకు ప్రవర్తనా నియమావళే. చిన్నన్నను కంపెనీకి డీమ్డ్ డెప్యుటేషన్ మీద, అంటే ప్రభుత్వ ఉద్యోగిగానే ఉంచి కంపెనీలో పనికి పంపారు. రెండేళ్ళకని మొదలుపెట్టి పొడిగిస్తూ వచ్చారు, అందుకే ఆయన ప్రభుత్వ ఉద్యోగి హోదా ఇంకా కోర్టుల చుట్టూ, యూనియన్ మెమొరాండంల చుట్టూ తిరుగుతోంది.

ఇంకో మాట, దీన్ని వదలలేను. ఆ ఇంట్లో మేనల్లుడు కూడా ఉన్నాడనుకోండి. అదే ఓపెన్‌కాస్ట్‌లో ఓబీ మట్టి ఎత్తే కాంట్రాక్టరు దగ్గర డంపర్ నడుపుతాడు. నడిపన్న తవ్వే బొగ్గు మీది మట్టే. ఆయనకు జేబీసీసీఐ లేదు. కోడ్ ప్రకారం నోటీసు ఇచ్చి సమ్మె చేసుకోవచ్చు, కాగితం మీద ఏ అడ్డూ లేదు. నోటీసు మీద సంతకం పెట్టిన మర్నాడు ఆయనకు మస్టర్ (హాజరు) పడకపోతే అడిగేదెవరు? గనుల్లో పని ఎక్కువెక్కువగా వెళ్తున్నది ఈ మేనల్లుడి లాంటివాళ్ళ చేతికే. పెద్దన్న సమ్మె గురించి అంత కోపంగా మెసేజ్‌లు పంపేవాళ్ళు ఈ పిల్లవాడి గురించి ఒక్కటీ పంపడం నేను చూడలేదు. వచ్చే వీడియో అతని మీదే, మైన్స్ గేటు దగ్గర తీస్తాను. మీ ఇంట్లో ఎవరైనా ఓబీ కాంట్రాక్టులో పనిచేస్తుంటే, హాజరు కార్డు ఎవరి పేరు మీద ఇస్తున్నారో, పీఎఫ్ కోత స్లిప్పు చేతికి ఇస్తున్నారో లేదో కనుక్కుని నాకు చెప్పండి.