ట్రాన్స్‌పోజిషన్ ఒక్కసారే జరగాలి

సభకు నమస్కారం. నన్ను అరేంజింగ్ గురించి మాట్లాడమన్నారు. కానీ పార్టులో, అంటే ఒక్కో వాద్యానికి విడిగా రాసిచ్చే కాగితంలో, స్వరమే తప్పు పడితే ఎంత మంచి అరేంజ్‌మెంటైనా వృథా. అందుకే ముందు ట్రాన్స్‌పోజింగ్ వాద్యాల సంగతి, అంటే కాగితం మీద ఒక స్వరం ఉంటే మరో స్వరం పలికే వాద్యాల సంగతి తేల్చుకుందాం. అలా స్వరాన్ని మార్చి రాయడమే ట్రాన్స్‌పోజిషన్.

బి ఫ్లాట్ క్లారినెట్ కాగితం మీది సి చూసి ఊదితే బి ఫ్లాట్ వినిపిస్తుంది. కాబట్టి పియానో సి పలికే చోట దానికి డి రాయాలి, కీ సిగ్నేచర్‌కు, అంటే పాట శ్రుతిని చెబుతూ మొదట్లో పెట్టే గుర్తులకు, రెండు షార్పులు (స్వరాన్ని అర మెట్టు పెంచే గుర్తులు) కలపాలి. ఫ్లాట్లుంటే (అర మెట్టు తగ్గించేవి) ఆ మేరకు తగ్గుతాయి. ఇ ఫ్లాట్ ఆల్టో శాక్సఫోన్‌కు మేజర్ సిక్స్త్ (తొమ్మిది అర మెట్లు) పైన, ఎఫ్ హార్న్‌కు పర్ఫెక్ట్ ఫిఫ్త్ (ఏడు అర మెట్లు) పైన రాయాలి. ఈ లెక్కలన్నీ స్వరాలు రాసే సాఫ్ట్‌వేర్ చేసిపెడుతుంది. చేయనివ్వండి!

మ్యూజ్‌స్కోర్ అనే అలాంటి సాఫ్ట్‌వేర్‌లో కన్సర్ట్ పిచ్ బటన్ ఆన్‌లో ఉంటే తెర మీద కనిపించేది వినిపించే స్వరం. ఆఫ్‌లో ఉంటే వాయించేవారు చదివే స్వరం. పాత క్లారినెట్ పార్టును ముందు పెట్టుకుని, ఆ బటన్ ఆన్‌లో ఉండగానే టైపు చేశారనుకోండి. కాగితం మీద డి ఉంది, మీరూ డి కొట్టారు. సాఫ్ట్‌వేర్ అది వినిపించాల్సిన డి అనుకుని, రెండోసారి ట్రాన్స్‌పోజ్ చేసి పార్టులో ఇ అచ్చు వేస్తుంది. పాత పార్టు టైపు చేసేటప్పుడు బటన్ ఆఫ్‌లో ఉండాలి. మళ్లీ చెబుతున్నాను, ఆఫ్‌లో ఉండాలి.

ఇంతకంటే ప్రమాదకరమైనది ఇంకొకటుంది. ఫ్లూట్ స్టాఫ్ (దాని స్వరాలు రాసే ఐదు గీతల వరుస) తీసుకుని, పేరు మాత్రం క్లారినెట్ అని మారుస్తారు. కంప్యూటర్‌లో వింటే అంతా సవ్యంగానే ఉంటుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. రిహార్సల్‌లో మాత్రం క్లారినెట్ ఒక టోన్ కింద పలుకుతుంది, అందరూ ఆ కళాకారుడి వంక చూస్తారు. అయ్యా, ఆయన చేసిన తప్పేమిటి? ముందున్నదే వాయించాడు! పేరు దిద్దితే చాలదు, స్టాఫ్ ప్రాపర్టీస్‌లోకి వెళ్లి వాద్యాన్నే మార్చాలి. మధ్యలో ఎ క్లారినెట్‌కు (కాగితం మీది సి చూసి ఊదితే ఎ పలికేది) మారాలన్నా అంతే: అక్కడ వట్టి టెక్స్ట్ రాస్తే స్వరాలు కదలవు, వాద్యం మార్పు గుర్తునే పెట్టాలి.

ఇ మేజర్ పాటలో ఆల్టో శాక్స్‌కు 7 షార్పులు వస్తాయి. దాన్ని 5 ఫ్లాట్ల డి ఫ్లాట్ మేజర్‌గా ఇవ్వండి, చదివేవారికి హాయి. ఆ ఎంపికా స్టాఫ్ ప్రాపర్టీస్‌లోనే ఉంది.

అచ్చుకు ముందు కన్సర్ట్ పిచ్ బటన్ ఆన్‌లో ఉంచి అన్ని వాద్యాలకూ బి ఫ్లాట్ ఒక్కటి వేసి, బటన్ ఆఫ్ చేసి చూడండి. క్లారినెట్‌లో సి, ఆల్టో శాక్స్‌లో జి, హార్న్‌లో ఎఫ్ కనబడాలి. ఈ మూడింటిలో ఏ స్టాఫ్‌లోనైనా బి ఫ్లాట్ అలాగే మిగిలిపోతే అక్కడ పేరు మారిందే గానీ వాద్యం మారలేదు.