ఇంట్లో చేసుకున్న సీడీలకు లేబుల్: స్టిక్కరా, తెల్ల డిస్కా, పెన్నా?

నమస్కారమండి. ముందు ఈ సీడీ చూడండి, కెమెరాకు దగ్గరగా పెడుతున్నాను. అంచున కాగితం పైకి లేచింది, కనిపిస్తోందా? గోరంత కూడా లేదు. ఇలాంటి గోరంత కాగితం లేచిన సీడీయే మా మామయ్య కారు ప్లేయరులో ఇరుక్కుంది. రాజోలు నుంచి అమలాపురం దాకా ఆయన తిడుతూనే ఉన్నారట. తిట్లన్నీ నాకే చెందుతాయి, ఎందుకంటే ఆ స్టిక్కరు అతికించింది నేనే.

ఈ రోజుల్లో సీడీలు ఎవరికి కావాలి అని మీలో కొందరు నవ్వుకోవచ్చు. మా అమ్మమ్మ పాలకొల్లు ఇంట్లో పాడిన పెళ్లి పాటలు మా దగ్గర క్యాసెట్లలో ఉన్నాయి. నలుగు పాట, తలుపు దగ్గరి పాట, అప్పగింతలు, మంగళహారతులు. వాటిని కంప్యూటరులోకి ఎక్కించి, శ్రావణంలో జరిగిన మా చెల్లి పెళ్లికి వచ్చే బంధువులకు 40 సీడీలు పంచాలనుకున్నాను. పెద్దవాళ్లకు ఫోనులో లింకు పంపితే పాట వినరు, ఫోనును పక్కింటి పిల్లాడి చేతికిస్తారు. హాల్లో ప్లేయరు మాత్రం ఉంటుంది, దాని మీద గుడ్డ కప్పి ఉంటుంది. ఆడియో సీడీలో పట్టేది 80 నిమిషాలు. అందుకే రెండు హారతులు వదిలేయాల్సి వచ్చింది. ఆ సంగతి మా పిన్నికి ఇంకా తెలియదు.

సరే, లేబుళ్లు. మొదట అందరూ చేసేదే చేశాను. ఒక ఏ4 షీటులో రెండు గుండ్రని స్టిక్కర్లు వస్తాయి, వాటి మీద అచ్చు తీసి అతికించడమే. చూడడానికి అద్భుతంగా ఉంది, అది ఒప్పుకోవాలి. రంగులు కాగితం మీద బాగా పడ్డాయి. అతికించేటప్పుడు మధ్యలో కడ్డీ ఉన్న చిన్న పరికరం వాడితే సమంగా కూర్చుంటుంది. చేత్తో అతికిస్తే ఒక మిల్లీమీటరు పక్కకు జరిగినా ఇక అంతే, పీకి మళ్లీ పెట్టడం కుదరదు. ఎందుకు కుదరదో చెబుతాను, అసలు సంగతి అక్కడే ఉంది.

సీడీ మందం 1.2 మిల్లీమీటర్లు. పాటలు కింద, మెరిసే వైపు ఉంటాయని మనం అనుకుంటాం. కాదు. కింద ఉన్నదంతా ప్లాస్టిక్కే. దాని పైన పాటలు ఎక్కే రంగు పొర, దాని మీద అద్దంలాంటి లోహపు పొర, ఆ పైన పలుచని లక్క పూత. అంటే పాట పేరు రాసే వైపుకే పాట దగ్గరగా ఉంటుంది. స్టిక్కరును పీకితే జిగురుతో పాటు ఆ లోహపు పొర కూడా ఊడి వస్తుంది. నేను ఒకటి పీకి చూశాను. ఇదిగో, వెలుతురులో పెడితే ఆ చోట అవతలి గోడ కనిపిస్తోంది. ఆ రంధ్రంలో నలుగు పాట రెండో చరణం పోయింది.

డీవీడీ నిర్మాణం వేరు. 0.6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్కు రెండు పలకలు, మధ్యలో సమాచారం. పై గీతలకు అది కాస్త ఓర్చుకుంటుంది కానీ స్టిక్కరును సీడీ కంటే తక్కువగా సహిస్తుంది. కాగితం చెమ్మ పీల్చి సాగుతుంది, ఆరి ముడుచుకుంటుంది, దాంతో పాటు డిస్కు సన్నగా వంగుతుంది. డీవీడీ చదివే కిరణానికి ఆ వంపు చాలు. పైగా వేగమైన కంప్యూటరు డ్రైవులో డిస్కు నిమిషానికి 10 వేల చుట్ల దాకా తిరుగుతుంది. కాగితం ఒక పక్కకు బరువుగా ఉంటే పెట్టె మొత్తం గడగడలాడుతుంది. ఇక మన డెల్టాలో శ్రావణం ముసురు ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా? అప్పడాలు మెత్తబడే గాలిలో జిగురు మాత్రం గట్టిగా ఎలా ఉంటుంది? 10 స్టిక్కరు సీడీల్లో నాలుగు అంచులు లేపాయి. కారులో డిస్కును లోపలికి లాక్కునే సన్నని నోరున్న ప్లేయర్లలో అయితే ఇవి అసలు పెట్టకండి. స్టిక్కరుకు నా మార్కులు సున్నా.

రెండోది తెల్ల డిస్కు. పై వైపు తెల్లటి పూతతో వచ్చే ప్రింటబుల్ డిస్కులు ఉంటాయి, మామూలు వాటి కంటే కాస్త ఖరీదు. వీటి మీద ఇంకుజెట్ ప్రింటరుతో నేరుగా అచ్చు వేయవచ్చు, ప్రింటరుకు డిస్కు ట్రే ఉండాలి. అలాంటి ప్రింటరు ఎక్కడ దొరుకుతుందని వెతకనక్కరలేదు. మీ ఊళ్లో ప్లాస్టిక్ గుర్తింపు కార్డులు అచ్చువేసే జెరాక్సు షాపులో ఎప్సన్ ఎల్ 805 గానీ ఎల్ 8050 గానీ ఉండవచ్చు. ఆరు ఇంకు ట్యాంకుల ప్రింటర్లు, రెండూ డిస్కు ట్రే తీసుకుంటాయి. షాపు అతను కార్డుల ట్రే తీసి, బీరువాలో ఎక్కడో పడేసిన డిస్కు ట్రే వెతికేసరికి అరగంట పట్టింది.

డిస్కు వ్యాసం 120 మిల్లీమీటర్లు, మధ్య రంధ్రం 15. తెల్ల పూత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో స్కేలుతో కొలిచి, ఆ అంకెలే ప్రింటరు సెట్టింగులో ఇవ్వండి. కొన్నింటిలో పూత రంధ్రం దాకా వస్తుంది, కొన్నింటిలో చాలా ముందే ఆగుతుంది. నేను కొలవకుండా వేసిన మొదటి డిస్కులో అమ్మమ్మ పేరు సగం పారదర్శకమైన ప్లాస్టిక్కు మీద పడి, వేలు తగలగానే చెరిగిపోయింది. ఇంకో మాట, ముందు పాటలు ఎక్కించండి, ఆ తర్వాతే అచ్చు వేయండి. పాటలు సరిగా ఎక్కని డిస్కు మీద ఇంకు దండగ. తెల్ల వైపు వేళ్లతో ముట్టుకోవద్దు. కోనసీమ వాళ్లం, చేతికి ఎప్పుడూ కొబ్బరినూనె ఉంటుంది, ఆ వేలిముద్ర మీద ఇంకు నిలవదు. అచ్చయ్యాక ఒక రోజు ఫ్యాను గాలికి విడివిడిగా ఆరనివ్వాలి, ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు.

లోపం కూడా చూపిస్తాను. తడి వేలు రాస్తున్నాను... చూశారా, ఎరుపు పాకింది. ఈ ఇంకు నీళ్లకు లొంగుతుంది. నీళ్లకు తట్టుకునే మెరుపు పూత డిస్కులూ ఉన్నాయి, దొరికితే అవే కొనండి.

ఇప్పుడు నన్ను అన్నింటికంటే ఎక్కువ ఏడిపించినది, తెలుగు అక్షరం. గుండ్రని డిస్కు కదా అని "అమ్మమ్మ పాటలు" అన్న పేరును అంచు వెంబడి వంపుగా తిప్పాను. నేను వాడిన సాఫ్టువేరు మ కింది ఒత్తును విడదీసి పక్కన పెట్టింది. "అప్పగింతలు" అయితే పేగులు బయటపడినట్టుంది. వంపు మానేసి రంధ్రానికి పైన ఒక వరుస, కింద రెండు వరుసలు తిన్నగా పెట్టాను. వరుసల మధ్య ఖాళీ ఎక్కువ ఇవ్వండి, లేకపోతే పై వరుస ఒత్తులు కింది వరుస గుడుల మీద కూర్చుంటాయి. పేరుకు రామభద్ర ఫాంట్, చిన్న అక్షరాలకు మండలి. రెండూ ఉచితం, రెండూ యూనికోడ్, అంటే అన్ని కంప్యూటర్లకూ ఉమ్మడి అక్షర సంకేతాలతో పనిచేసేవి. షాపులో యూనికోడ్ కాని పాత "అను" రకం ఫాంట్లు ఉంటే మీ యూనికోడ్ అక్షరాలు అక్కడ తారుమారవుతాయి, అందుకే ఇంట్లోనే బొమ్మగా మార్చి తీసుకెళ్లండి.

లైట్‌స్క్రైబ్ గురించి ఒక్క ముక్క. హెచ్‌పీ తెచ్చిన పద్ధతి అది. డిస్కును తిరగేసి పెడితే లేజరే బొమ్మ గీసేది. ప్రత్యేకమైన డ్రైవు, ప్రత్యేకమైన డిస్కు కావాలి, రంగు ఒక్కటే, వెలుతురులో వెలిసిపోతుంది. ఇంట్లో పాతది ఉంటే సరదాకు వాడండి.

ఇక ఐదారు డిస్కులే అయితే ఇదంతా వద్దు. సీడీల కోసం అమ్మే మెత్తటి మొన పెన్ను చాలు. బాల్‌పెన్ను వద్దే వద్దు, నొక్కుడుకు లక్క పూత కింద పొర దెబ్బతింటుంది. మధ్య రంధ్రం చుట్టూ ఉన్న పారదర్శకమైన వలయంలో రాస్తే ఇంకా మంచిది, అక్కడ పాటలు ఉండవు. ఎవరి గొంతు, ఏ ఊరు, ఏ ఏడు, ఈ మూడూ రాయండి. మా క్యాసెట్ల మీద ఏడు రాయలేదు. పాట వెనక వినిపించే ఏడుపు ఏ మనవడిదో తేల్చడానికి మా ఇంట్లో రెండు రోజులు పట్టింది.

పెళ్లిలో 39 పంచాను. ఇదిగో, 40వది. "మంగళహారతులు"లో చివరి "లు" అచ్చు పడలేదు. ఇది మామయ్యకు ఇవ్వబోతే, ముందు కారులోది బయటికి తీయించమన్నారు.