ఎగ్జెక్ నొక్కబోయే ముందు

అందరికీ నమస్కారం. సిమ్యులేటర్‌లో విమానం ఎలా లేపాలి, ఎలా దింపాలి అన్నది యూట్యూబ్‌లో బోలెడంత ఉంది, దాని జోలికి పోను. బోయింగ్ 737లో థ్రాటిల్ ముందు, పైలట్లకి చెరో మోకాలి దగ్గర చిన్న తెర, కీబోర్డు ఉంటాయి చూశారా, సీడీయూ, నా మాటలన్నీ దాని గురించే.

విమానానికి దారి చెప్పే కంప్యూటర్‌తో మాట్లాడేది దాంతోనే. అందులో కొట్టింది నేరుగా కంప్యూటర్‌లోకి పోదు. ముందు తెర అడుగున స్క్రాచ్‌ప్యాడ్‌లో పడుతుంది. పక్క బటన్ నొక్కితే గడిలోకి ఎక్కుతుంది. రూటు మారిస్తే ఎగ్జెక్ బటన్ మీద లైటు వెలుగుతుంది, అది నొక్కేదాకా మార్పు అమల్లోకి రాదు. అంటే పాపం కంప్యూటర్ రెండుసార్లు ఆగి చూసుకోమంటోంది. మనం చూసుకోం, అదీ గొడవ.

నా సంగతే చెప్తాను. శంషాబాద్ నుంచి వైజాగ్ వెళ్తున్నాను, ఇంట్లో కుర్చీలోనే లెండి. బరువు, ఇంధనం, ఎత్తు అన్నీ శ్రద్ధగా నింపాను. దిగడానికి 28వ రన్‌వే ఎంచుకున్నాను. అంటే ఊరు దాటి, సముద్రం వైపు నుంచి వెనక్కి తిరిగి రావాలి. దారిలోని పాయింట్లు వరసగా కనిపించే లెగ్స్ పేజీలో, రూటు చివరి పాయింటుకీ అప్రోచ్‌కీ, అంటే రన్‌వే మీదకి దిగే దారికీ, మధ్య ఐదు ఖాళీ గళ్ళు, 'రూట్ డిస్కంటిన్యుటీ' అన్న మాట, అంటే దారి అక్కడ తెగిందని. నేను చూడలేదు. ఆటోపైలట్ ఉందిగా అని టీ పెట్టుకోవడానికి వెళ్ళాను. వచ్చేసరికి వైజాగ్ వెనకబడిపోయింది, కింద అంతా బంగాళాఖాతం. గళ్ళ దగ్గర ఎల్‌నావ్, అంటే ఆటోపైలట్‌ని రూటు వెంట నడిపే మోడ్, చేతులెత్తేసింది, విమానం ముక్కు ఎటుంటే అటే పోయింది. సరిచేయడం అర నిమిషం పని. గళ్ళ తర్వాతి పాయింటును స్క్రాచ్‌ప్యాడ్‌లోకి దించి, గళ్ళ మీద పెట్టి, ఎగ్జెక్.

నాకు పోయింది ఒక కప్పు టీ. 1995 డిసెంబర్ 20 రాత్రి మయామి నుంచి కొలంబియాలోని కాలి నగరానికి వస్తున్న అమెరికన్ ఎయిర్‌లైన్స్ 757 సంగతి వేరు. రోజో అనే రేడియో బీకన్ వైపు వెళ్ళాలి. చార్టులో దాని గుర్తు 'ఆర్', అదే కొట్టారు. ఆ గుర్తుతో వచ్చిన జాబితాలో మొదట ఉంది రాజధాని బొగోటా దగ్గరి రోమియో అనే మరో బీకన్. రోజో కావాలంటే పేరు మొత్తం కొట్టాల్సిందట! పైదే మనది అనుకుని ఎగ్జెక్ చేశారు. విమానం దిగుతూనే ఎడమకి, కొండలవైపు మళ్ళింది. తప్పు తెలిసి వెనక్కి తిప్పారు, కానీ అప్పటికే మధ్యలో కొండ అడ్డం ఉంది. 163 మందిలో నలుగురే బతికారు.

మన సిమ్యులేటర్‌లోనూ ఒకే పేరుతో రెండు పాయింట్లుంటే అలాంటి జాబితానే వస్తుంది, పక్కన అక్షాంశ రేఖాంశాలతో. వాటిని చదివేవాళ్ళు ఎంతమంది? చేతులెత్తమని అడగను.

నేనిప్పుడు బయల్దేరే ముందు మ్యాపును ప్లాన్ మోడ్‌కి తిప్పి, లెగ్స్ పేజీలో స్టెప్ నొక్కుకుంటూ ఒక్కో పాయింటూ చూసుకుంటాను. గీత వంకర పోయినా, తెగినా కంట్లో పడుతుంది. లాప్‌టాప్ తెచ్చాను, అదే వైజాగ్ రూటు, ఒకచోట కావాలనే తెంపి పెట్టాను. ముందుకు రండి, ఎవరు పట్టుకుంటారో చూద్దాం.