అరచేతిలో పట్టే ఇంజనుకి పర్లాకిమిడి కూత

[తెర మీద: చీకటి. దూరంగా సన్నటి కూత. కాసేపటికి నెమ్మదిగా భుస్... భుస్... భుస్...]

ఇప్పుడు మీరు విన్నది నా అరచేతిలో పట్టే మోడల్ రైలు ఇంజను చప్పుడు. ఎడిటింగ్‌లో ఏమీ కలపలేదు. బల్ల మీద పట్టాలకి రెండడుగుల దూరంలో మైకు పెట్టి తీసుకున్నాను. ఈ శబ్దం రావడానికి నాకు ఏడాదిన్నర పట్టింది. అందులో ఏడాది పైన, తప్పంతా డీకోడర్‌లో, అంటే ఇంజన్లో ఉండి శబ్దం వాయించే చిన్న ఎలక్ట్రానిక్ బిళ్లలో, ఉందనుకుని ఖరీదైన డీకోడర్ల వెంట పడ్డాను. అసలు తప్పు స్పీకర్ వెనకాల ఉన్న గాలిలో ఉంది. ఈ వీడియోలో ఎక్కువసేపు దాని గురించే మాట్లాడతాను.

[తెర మీద: పటం. నౌపడ, టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి, గుణుపురం]

మాది పర్లాకిమిడి. ఒడిశా గజపతి జిల్లా. నది దాటితే పాతపట్నం, అది శ్రీకాకుళం జిల్లా. నౌపడ నుంచి మా ఊరికి రెండున్నర అడుగుల గేజి రైలు 1900లో మొదలైంది, గజపతి రాజావారు గౌరచంద్ర దేవ్ వేయించారు. 1931లో గుణుపురం దాకా పొడిగించారు. 2004లో ఆ చిన్న బండి ఆగిపోయి, తర్వాత పెద్ద లైను పడింది. మా నాయనమ్మకి గడియారం అక్కర్లేదు. కూత వినపడితే పొయ్యి మీద ఎసరు పెట్టేది. నేను బల్ల మీద కట్టుకుంటున్నది ఆ లైనునే.

ముందు కొలతల సంగతి. హెచ్‌ఓ స్కేలు అంటే నిజం కంటే 87 రెట్లు చిన్నది. రెండున్నర అడుగులంటే 762 మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే తొమ్మిదికి కాస్త తక్కువ వస్తుంది. అందుకే హెచ్‌ఓ నేరోగేజి కట్టేవాళ్లు ఇంకా చిన్నదైన ఎన్ స్కేలు వాళ్ల 9 మిల్లీమీటర్ల పట్టాలే వాడతారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కష్టమేమిటంటే ఇంజను నా బొటనవేలంత. అందులో మోటారు ఉండాలి, డీకోడర్ ఉండాలి, స్పీకరూ ఉండాలి.

ఈ బళ్లని నడిపే పద్ధతి డీసీసీ, అంటే డిజిటల్ కమాండ్ కంట్రోల్. అది తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. పట్టాల్లో కరెంటు, ఆజ్ఞలు రెండూ కలిసే పోతాయి. కరెంటు దిశ క్షణక్షణం మారుతూ ఉంటుంది. ఒక దిశలో 58 మైక్రోసెకన్లు, మళ్లీ ఎదురు దిశలో 58 ఉంటే అది ‘ఒకటి’. వంద, అంతకు మించి ఉంటే ‘సున్న’. ఇంజన్లో ఉన్న డీకోడర్ ఆ ఒకట్లు, సున్నలు చదివి మోటారు తిప్పుతుంది, దీపం వెలిగిస్తుంది, తన మెమరీలో ఉన్న శబ్దం వాయిస్తుంది. పాత ఎనిమిది బిట్ల డీకోడర్లలో శబ్దం వెనక సన్నటి ఇసక రాలుతున్నట్టు వినపడేది. ఇప్పుడు వచ్చేవి పదహారు బిట్లవి. ఇఎస్‌యు కంపెనీ వాళ్ల ‘లోక్‌సౌండ్ 5’ డీకోడర్ సెకనుకి 31,250 నమూనాలతో పది శబ్దాలు ఒకేసారి వాయించగలదు. అంటే డీకోడర్ వైపు నుంచి మనకి లోటు లేదు. ఆ శబ్దం గాలిలోకి వచ్చే చోటే పాడవుతుంది.

[తెర మీద: పెట్టె లేని చిన్న స్పీకర్, వేళ్ల మధ్య]

ఇది 11 బై 15 మిల్లీమీటర్ల స్పీకర్. మొబైల్ ఫోన్లలో ఉండే రకం, షుగర్ క్యూబ్ అంటారు. దీన్ని ఇలాగే డీకోడర్‌కి కలిపి కూత వేస్తున్నాను, వినండి.

[శబ్దం: కీచుమని, పలచగా]

దోమ అరిచినట్టుంది కదా. ఇప్పుడు ఇదే స్పీకర్‌ని ఈ చిన్న ప్లాస్టిక్ డబ్బాలో బిగిస్తున్నాను. వాల్యూం ముట్టుకోలేదు.

[శబ్దం: అదే కూత, నిండుగా]

కారణం చెప్తాను. స్పీకర్ పొర ముందుకి వస్తే ముందున్న గాలి నొక్కుకుంటుంది, అదే క్షణంలో వెనకున్న గాలి పలచబడుతుంది. డబ్బా లేకపోతే ముందున్న గాలి పక్కనుంచి వెనక్కి జారిపోయి, ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. బరువైన శబ్దాలకి ఈ దెబ్బ ఎక్కువ. డబ్బా కడితే వెనక గాలి వెనకే ఉండిపోతుంది. అందుకని డబ్బాకి ఎక్కడా సూది బెజ్జం కూడా ఉండకూడదు. వైరు బయటికి వచ్చే చోట చుక్క ఎపాక్సీ వేసి మూసేయండి. నేను మొదట ఆ బెజ్జం వదిలేశాను. ఆ ఒక్క రంధ్రం వల్ల నెలరోజులు వెతుకులాట.

డబ్బా ఎంత పెద్దదైతే అంత మంచిది. లోపల గాలి తక్కువైతే అది గట్టి స్ప్రింగులా పొరని కదలనివ్వదు, శబ్దంలో బరువు తగ్గిపోతుంది. పెద్ద స్పీకర్‌ని ఇరుకు డబ్బాలో కుక్కడం కంటే చిన్న స్పీకర్‌కి చాలినంత గాలి ఇవ్వడమే మేలని నా చెవి చెప్పింది. ఇక ఇంజన్లో చోటు లేనివాళ్లకి నా దారి ఇది: స్పీకర్‌ని ఇంజను వెనక తగిలించిన మొదటి సామాను పెట్టెలో పెట్టాను. సన్నటి రెండు వైర్లు, మధ్యలో చిన్న ప్లగ్గు. పెట్టె మొత్తం డబ్బా అయిపోయింది. శబ్దం అంగుళం వెనకనుంచి వస్తోందని ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు.

[తెర మీద: డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజను, హెచ్‌ఓ మోడల్]

ఇది రాయగడలో ఉండే మా బావది. ఆయనకి డీజిల్ పిచ్చి. మొన్న ఫోన్ చేసి, “ఏవిరా, స్టేషన్‌లో నిలబడితే గుండెలో కొట్టేది ఆల్కో. నా ఇంజన్లో ఆ దమ్ము లేదేంటి?” అన్నాడు.

లెక్క వేసి చూద్దాం బావా అన్నాను. డబ్ల్యూడీఎం-2లో ఉన్నది ఆల్కో కంపెనీ 251 రకం ఇంజను, పదహారు సిలిండర్లు, నాలుగు స్ట్రోకులది. అంటే ఒక చుట్టుకి ఎనిమిది సిలిండర్లు పేలతాయి. ఊరికే నిలబడి ఉన్నప్పుడు నిమిషానికి 400 చుట్లు, సెకనుకి ఆరున్నర పైన. ఎనిమిదితో గుణిస్తే సెకనుకి 53 పేలుళ్లు. అంటే 53 హెర్ట్జ్. పూర్తి వేగంలో 1000 చుట్లు, 133 హెర్ట్జ్. మన గోరంత స్పీకర్ ఎంత మంచి డబ్బాలో ఉన్నా కొన్ని వందల హెర్ట్జ్ కిందకి దిగలేదు. ఆ గుండెలో దెబ్బ దానివల్ల కాదు. ఎంత ఖర్చు పెట్టినా కాదు.

కానీ మన చెవికో గుణం ఉంది. పాత ల్యాండ్‌లైన్ ఫోన్ 300 నుంచి 3,400 హెర్ట్జ్ దాకా మాత్రమే పంపేది. మగవాళ్ల గొంతు మూలస్వరం దాదాపు 120. అది ఫోన్లో అసలు రాదు. అయినా మా బావ “హలో” అంటే ఆ బొంగురు గొంతు నాకు బొంగురుగానే వినపడేది. పైనున్న స్వరాల మధ్య దూరం చూసి, లేని మూలస్వరాన్ని మన మెదడే పూరించుకుంటుంది. ఆల్కో విషయంలోనూ అంతే. 53 రాకపోయినా దాని రెట్లు, మూడు వందల పైనుండేవి, శుభ్రంగా రావాలి. అవి శుభ్రంగా రావాలంటే రానిదాన్ని స్పీకర్ మీద రుద్దకూడదు. అడుగు స్వరాలు ఎక్కువ పెట్టి తోస్తే పొర దాని కోసం కొట్టుకుని, వచ్చేవాటిని కూడా బరబరలాడిస్తుంది. సౌండ్‌ట్రాక్స్ కంపెనీ సునామీ లాంటి డీకోడర్లలో ఈక్వలైజర్, అంటే బరువైన స్వరాలనీ సన్నటి స్వరాలనీ విడివిడిగా పెంచి తగ్గించే ఏర్పాటు, ఉంటుంది, అందులో అట్టడుగు మెట్లు తగ్గించండి. తగ్గించాక ఇంజను బరువెక్కినట్టు వినపడింది. బావ నమ్మలేదు, నాలుగుసార్లు మార్చి మార్చి విన్నాడు.

ఇక వాల్యూం. ఈ ఒక్కటి ఈరోజే చేయండి. కొన్న డీకోడర్ దాదాపు పూర్తి వాల్యూంలో వస్తుంది. డీకోడర్‌లో మనం మార్చుకోగల అమరికలకి నంబర్లుంటాయి, వాటినే సీవీలంటారు. లోక్‌సౌండ్‌లో సీవీ 63, సౌండ్‌ట్రాక్స్‌లో 128, జిమో కంపెనీ వాటిలో 266 మొత్తం వాల్యూంవి. సగానికి తెచ్చి వినండి. మీరు మోడల్‌ని మీటరు దూరం నుంచి చూస్తున్నారంటే నిజం లెక్కలో 87 మీటర్ల అవతల నిలబడ్డట్టు. అంత దూరంలో రైలు ఎలా వినపడుతుందో ఒకసారి గేటు దగ్గర నిలబడి గుర్తు పెట్టుకోండి. పట్టాల మీదకి మాత్రం వెళ్లకండి. కూత స్పష్టంగా వస్తుంది, ఇంజను దాని కింద ఉంటుంది, గాలి పంపు టకటకలు వినీ వినపడనట్టుంటాయి. మొత్తం వాల్యూం తగ్గించాక ఈ మూడింటి మధ్య తేడా విడివిడిగా సరిచేసుకోండి. సిమెంటు గోడల గదిలో వాల్యూం పెంచితే గది మోగుతుంది, రైలు కాదు.

స్పీకర్ ఓంల గురించి, అంటే కరెంటుకి అది పెట్టే అడ్డు గురించి, నా అనుభవం ఒకటి. రెండు ఎనిమిది ఓంల స్పీకర్లు పక్కపక్కన, అంటే ప్యారలల్‌గా కలిపాను. అలా కలిపితే నాలుగు ఓంలవుతాయి. నా డీకోడర్‌కి ఎనిమిది కంటే తగ్గకూడదని దాని పుస్తకంలోనే ఉంది, నేను చదవలేదు. రెండో రోజు శబ్దం ఆగిపోయింది, మోటారు మాత్రం తిరిగేది. సిరీస్‌గా, అంటే ఒకదాని వెనక ఒకటి, కలిపి ఉంటే పదహారు ఓంలు, శబ్దం కాస్త తగ్గినా డీకోడర్ బతికేది. రెండు పెట్టినప్పుడు ఇంకోటి చూడాలి: రెండు పొరలూ ఒకే దిక్కుకి కదలాలి. ఒకటిన్నర వోల్టుల బ్యాటరీని క్షణం తాకించి చూస్తే తెలుస్తుంది. ఎదురెదురు కదిలితే ఒకదాని శబ్దం ఇంకోటి తినేస్తుంది.

శబ్దం మధ్యలో తెగిపోతోందంటే అది సౌండు రోగం కాదు, మురికి. చక్రాలూ పట్టాలూ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. మా ఊళ్లో వానాకాలం తేమకి వారానికోసారి తుడవాలి. చోటుంటే కాస్త కరెంటు దాచుకునే కెపాసిటర్ పెట్టండి, క్షణం కరెంటు పోయినా మోగుతూనే ఉంటుంది.

[తెర మీద: పెద్దాయన చేతులు, బల్ల అంచు మీద. మొహం కనపడదు]

మా పెదనాన్న చిన్న లైను మీద పనిచేశారు. అన్నీ సరిచేశాక ఆయన్ని కూర్చోబెట్టి, కళ్లు మూసుకోమని బండి నడిపాను. కాసేపు విని, “కూత బాగానే ఉంది గానీ, మన బండి ఇంత పరుగెప్పుడు పెట్టిందిరా?” అన్నారు.

రెండు సిలిండర్ల బొగ్గింజను చక్రం ఒక్కసారి తిరిగితే నాలుగు భుస్సులు. చక్రం అడ్డం 80 సెంటీమీటర్లు అనుకుంటే, ఒక చుట్టుకి రెండున్నర మీటర్లు పోతుంది. గంటకి 20 కిలోమీటర్ల వేగంలో సెకనుకి దాదాపు తొమ్మిది భుస్సులు. ఐదు కిలోమీటర్లలో రెండే. నా బండి అప్పుడు బల్ల మీద మీటరు దూరం ఐదు సెకన్లలో దాటేస్తోంది. 20 కిలోమీటర్ల వేగాన్ని 87తో భాగిస్తే మీటరుకి పదహారు సెకన్లు పట్టాలి. గరిష్ట వేగం సీవీ 5లో తగ్గించాను. సీవీ 3, 4 పెంచి, బయల్దేరడం, ఆగడం నెమ్మది చేశాను. చక్రం చుట్టుకి నాలుగు భుస్సులు సరిగ్గా పడేలా దిద్దాను. ఫోన్లో వీడియో తీసి, నెమ్మదిగా నడిపి లెక్కపెట్టుకుంటే చాలు.

కూత కూడా ఆయనే ఎంచారు. డీకోడర్‌లో ఉన్న కూతలన్నీ ఒక్కొక్కటీ వినిపించాను. బరువైనవి వద్దన్నారు. “పెద్ద లైనువి అవి” అన్నారు. చిన్న ఇంజను కూత గొట్టం పొట్టిది, అందుకే స్వరం సన్నం. మన చిన్న స్పీకర్‌కి బాగా చేతనైనదీ ఆ సన్నటి స్వరమే.

మళ్లీ నడిపాను. ఈసారి పెదనాన్న కళ్లు తెరవలేదు. బండి వంతెన దగ్గరికి వస్తోందని చప్పుడుని బట్టే పోల్చుకుని, “నది వచ్చింది, కూత వెయ్యి” అన్నారు.

[తెర మీద: మహేంద్రతనయ వంతెన నమూనా. బండి నెమ్మదిగా ఎక్కుతుంది. కూత. భుస్సులు దూరమవుతూ ఉండగా చీకటి.]