ఆప్షన్ కొనేటప్పుడు ఆ 15 సెంట్లు ఎక్కడికి పోతున్నాయి?

హోస్ట్: నమస్తే. ఈ ఎపిసోడ్ అమెరికా ఆప్షన్స్ మార్కెట్ గురించి. అన్నా, పోయినసారి రికార్డింగ్ అయ్యాక మీరొక మాట అన్నారు. స్ట్రాటజీ తప్పి పోయిన డబ్బు కంటే, ఆర్డర్ వేసిన తీరు వల్ల పోయిందే ఎక్కువ అని. అక్కడి నుంచే మొదలుపెడదాం.

ట్రేడర్: మొదటి ఏడాది ట్రేడ్లన్నీ ముందేసుకుని లెక్క కడితే అదే తేలింది. ఒక కాల్ ఆప్షన్ ఉందనుకో, అంటే ఒక స్టాక్‌ను ముందే అనుకున్న ధరకు కొనే హక్కు. బిడ్, అంటే కొనేవాళ్లు ఇస్తామనే ధర, 2.10 డాలర్లు. ఆస్క్, అంటే అమ్మేవాళ్లు అడిగే ధర, 2.40. మధ్య ధర 2.25. మార్కెట్ ఆర్డర్, అంటే ఉన్న ధరకు వెంటనే కొనేయమని, కొట్టావంటే దాదాపు 2.40 పడుతుంది. మధ్య ధర మీద 15 సెంట్లు ఎక్కువ. చిల్లరే అనిపిస్తుంది. కానీ ఒక కాంట్రాక్టు అంటే 100 షేర్లు కదా, 15 డాలర్లు అయింది. 10 కాంట్రాక్టులకు 150. అమ్మేటప్పుడూ అలాగే కొడితే ఇంకో 150.

హోస్ట్: కమిషన్ ఎంత?

ట్రేడర్: చాలా చోట్ల కాంట్రాక్టుకు 65 సెంట్లు. 10 కాంట్రాక్టులకు రానుపోను కలిపి 13 డాలర్లు. ఆ 13 మిగుల్చుకోవడానికి నేను బ్రోకర్‌ను మార్చాను. 300 సంగతి అప్పుడు తట్టనే లేదు. ఎందుకంటే కమిషన్ స్టేట్‌మెంట్‌లో విడిగా కనిపిస్తుంది, ఇది కొన్న ధరలోనే కలిసిపోయి ఉంటుంది.

హోస్ట్: అంటే బ్రోకర్ ఎవరైనా ఒకటేనా?

ట్రేడర్: కాదు, అది కూడా తప్పే. అమెరికాలో ఒకే ఆప్షన్ పదిహేనుకు పైగా ఎక్స్ఛేంజీల్లో ట్రేడ్ అవుతుంది. వాటన్నిటిలో ఉన్న మంచి ధర కంటే అధ్వానంగా నీ ఆర్డర్‌ను నింపకూడదని రూల్ ఉంది. కాబట్టి 2.40 అందరికీ దొరుకుతుంది. తేడా అంతా 2.40 కంటే ఎంత తక్కువకు తెస్తారన్న దాంట్లో వస్తుంది. చాలా బ్రోకర్లు మన ఆర్డర్లను పెద్ద మార్కెట్ మేకర్లకు, అంటే ఎప్పుడూ కొనడానికీ అమ్మడానికీ ధర చెప్పే సంస్థలకు, పంపుతారు, అందుకు వాళ్ల దగ్గర డబ్బు తీసుకుంటారు. దీన్నే పేమెంట్ ఫర్ ఆర్డర్ ఫ్లో అంటారు. బ్రిటన్ దీన్ని 2012లోనే ఆపేసింది. అమెరికాలో నడుస్తోంది.

హోస్ట్: అది మన ధర మీద ఎలా పడుతుంది?

ట్రేడర్: స్టాకుల్లోలా ఆప్షన్‌ను ఎక్స్ఛేంజీ బయట నింపడానికి లేదు. అందుకని ఆ మార్కెట్ మేకర్ నీ ఆర్డర్‌ను ఎక్స్ఛేంజీలో చిన్న వేలంలో పెడతాడు, సెకను కూడా పట్టదు. అక్కడ 2.40 బదులు 2.37 రావచ్చు, 2.33 రావచ్చు, 2.40కే మిగిలిపోనూ వచ్చు. స్ప్రెడ్‌లో, అంటే బిడ్‌కూ ఆస్క్‌కూ ఉన్న తేడాలో, ఉన్న డబ్బు ఒక్కటే. అందులోంచి బ్రోకర్‌కు ఎంత వెళ్తే, నీకు తగ్గించడానికి అంత తక్కువ మిగులుతుంది. నాకు కోపం వచ్చేది ఇక్కడే. స్టాకులకైతే ఎగ్జిక్యూషన్ నాణ్యత, అంటే ఆర్డర్‌ను ఎంత బాగా నింపారు అన్నదాని మీద, రూల్ 605 లెక్కలు ఉన్నాయి. ఆప్షన్లు అందులో లేవు! ఉన్నదల్లా రూల్ 606. ఆర్డర్లు ఎక్కడికి పంపారు, ఎంత తీసుకున్నారు అన్నది బ్రోకర్ మూడు నెలలకోసారి బయటపెట్టాలి. గత ఆరు నెలల్లో నీ ఆర్డర్లు ఎక్కడికి వెళ్లాయో అడిగితే చెప్పాలి కూడా. అడిగే హక్కు ఉందని చాలామందికి తెలియదు.

హోస్ట్: ఇక మంచి ధర కోసం ఆగే ఓపిక సంగతి.

ట్రేడర్: నేను చేసేది చెప్తాను. 2.25కి లిమిట్ పెడతాను, అంటే అంతకు మించి ఇవ్వనని. అర నిమిషం చూస్తాను. రాకపోతే 2.30. ఇంకాసేపు ఆగి 2.35. చాలాసార్లు ఆస్క్ దాకా వెళ్లాల్సిన పని పడదు. స్క్రీన్ మీద కనిపించే ఆస్క్, వాళ్లు అడుగుతున్న ధర మాత్రమే. అంతకంటే తక్కువకు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నా ఆ మాట స్క్రీన్ మీద పెట్టరు.

హోస్ట్: మరి 2.25 దగ్గరే పెట్టి వదిలేస్తే?

ట్రేడర్: వద్దు. ఇది బాగా అర్థం చేసుకోవాలి. నువ్వు ఆర్డర్ పెట్టి వేరే పని చూసుకుంటున్నావు. ఈలోగా స్టాక్ పడింది, ఆ ఆప్షన్ విలువ 2.00 అయింది. నీ 2.25 ఇంకా అక్కడే ఉంది. కన్నుమూసి తెరిచేలోగా ఎవరిదో కంప్యూటర్ దాన్ని ఎత్తుకుపోతుంది, 2.00 విలువైనది నీకు 2.25కి అంటగడుతుంది. అదే స్టాక్ పెరిగితే నీ ఆర్డర్ వంక ఎవరూ చూడరు. అంటే చెడు ట్రేడ్లు మాత్రమే ఫిల్ అవుతాయి. స్టాక్ కదిలితే మధ్య ధరా కదులుతుంది, లిమిట్‌నూ దానితో పాటు కదపాలి. ఓపిక పట్టేవాడు స్క్రీన్ ముందే కూర్చోవాలి.

హోస్ట్: మార్కెట్ తెరిచిన వెంటనే కొంటే?

ట్రేడర్: ఒక రోజు బెల్ మోగిన మొదటి నిమిషంలో మార్కెట్ ఆర్డర్ కొట్టాను. బిడ్ 1.80, ఆస్క్ 2.90. నాకు 2.85కి పడింది. పది నిమిషాల తర్వాత చూస్తే 2.15, 2.35. స్టాక్ దాదాపు అక్కడే ఉంది. చేతులు చల్లబడ్డాయి. ఆ తర్వాత మొదటి పదిహేను నిమిషాలు ఆర్డర్ వేయలేదు ఎప్పుడూ.

హోస్ట్: ఓపిక వల్ల నష్టపోయింది లేదా?

ట్రేడర్: ఉంది. నష్టంలోకి జారుతున్న పొజిషన్. బిడ్ 3.10, ఆస్క్ 3.50. మధ్యలో 3.30కి అమ్ముదామని పట్టుబట్టాను. బిడ్ 3.00 అయింది, 2.85 అయింది, చివరికి 2.60కి వదిలించుకున్నాను. 20 సెంట్ల కోసం 50 పోగొట్టుకున్నాను. ఇప్పుడైతే తప్పించుకోవాల్సిన చోట నేరుగా బిడ్ దగ్గరే లిమిట్ పెట్టేస్తాను.

హోస్ట్: నాకు రెండు బ్రోకర్ల దగ్గర ఖాతాలున్నాయి. ఎవరు మెరుగో ఎలా తెలుస్తుంది?

ట్రేడర్: ఒకే ఆప్షన్, ఒకే నిమిషం, ఒక్కో చోట ఒక్కో కాంట్రాక్టు. లిమిట్ ఆస్క్ దగ్గరే పెట్టు, ఎవరు ఎంత తక్కువకు తెచ్చారో అప్పుడే కనిపిస్తుంది. నొక్కే ముందు బిడ్, ఆస్క్ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసుకో. ఈసారి ఒకరి దగ్గర ముందు వేస్తే, మరుసటిసారి రెండోవాళ్ల దగ్గర ముందు వెయ్యి. రెండు మూడుసార్లతో ఏమీ తేలదు, ఒక ఇరవై సార్లయినా చెయ్యి.

హోస్ట్: సోమవారం నుంచి మొదలుపెడతాను. ఆ స్క్రీన్‌షాట్లు మీకే పంపిస్తాను.