మిగిలిన గింజలు ఎవరివి?

శ్రోతలకు నమస్కారం.

1981లో ప్రపంచంలో ప్రతి పదిమందిలో నలుగురు కటిక పేదరికంలో ఉండేవారని ప్రపంచ బ్యాంకు లెక్క. కోవిడ్ రాకముందు ఏడాదికి అది పదిమందిలో ఒకరి కంటే తక్కువకు దిగింది. ఈ తగ్గుదలలో ఇంచుమించు ముప్పావు వంతు చైనాదే. నలభై ఏళ్లలో దాదాపు 80 కోట్ల మంది. ఈ అంకె వినగానే మనవాళ్లు రెండు జట్లుగా విడిపోతారు. అంతా మార్కెట్ మహిమ అని ఒకరు, కాదు కమ్యూనిస్టు సర్కారు చలవ అని ఇంకొకరు. టీవీ చర్చయితే ఇక అరుపులే. అవి పక్కనపెట్టి మీకు ఒక ఊరి సంగతి చెబుతాను.

చైనాలో ఆన్‌హుయ్ అనే రాష్ట్రం, ఫెంగ్‌యాంగ్ జిల్లా, షియావోగాంగ్ అనే చిన్న పల్లె. ఫెంగ్‌యాంగ్ అంటే చైనావాళ్లకు గుర్తొచ్చేది డప్పు పాట. చిన్న డప్పు వాయిస్తూ పాడుకుంటూ ఊరూరా అడుక్కోవడం అక్కడివాళ్లకు తరాల నాటి అలవాటు. 1959 నుంచి 61 దాకా దేశంలో కోట్ల మందిని బలిగొన్న కరువులో ఈ జిల్లా బాగా దెబ్బతింది. ఆ తర్వాత కూడా షియావోగాంగ్ జనం కరువు వస్తే బిచ్చానికి బయల్దేరేవాళ్లు.

అప్పట్లో భూమి, గొడ్డు, నాగలి అన్నీ కమ్యూన్‌వే, అంటే ఉమ్మడి సేద్యపు సంస్థవే. కూత పెడితే అందరూ పొలానికి పోవాలి. చేసిన పనికి మార్కులు వేస్తారు. గట్టి మగమనిషికి రోజుకు పది, ఆడవాళ్లకు ఎంత నడుం వంచినా అంతకన్నా తక్కువే. కలుపు వేళ్లతో సహా పీకినా, పైపైన గీకినా అవే మార్కులు. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని మన పెద్దలు ఊరికే అన్నారా!

1978లో ఆ రాష్ట్రంలో వానలు లేవు. ఆ చలికాలంలో ఒక రాత్రి షియావోగాంగ్‌లో 18 మంది రైతులు రహస్యంగా ఒక ఇంట్లో చేరి కాగితం రాసుకున్నారు. పొలాన్ని ఇళ్లవారీగా పంచుకుందాం, ఎవరి వాటా ధాన్యం వాళ్లు సర్కారుకు కడదాం, ఇకమీదట గింజలకూ డబ్బుకూ ప్రభుత్వం ముందు చెయ్యి చాచొద్దు. ఇది చట్టానికి విరుద్ధం. అందుకే ఇంకో మాట కూడా చేర్చారు: దీనివల్ల మన నాయకులు జైలుకు పోతే వాళ్ల పిల్లలను 18 ఏళ్లు వచ్చేదాకా మిగతావాళ్లం సాకుతాం. ఎర్ర సిరాతో వేలిముద్రలు వేశారు. పొలం పంపకం కాగితంలో పిల్లల పెంపకం గురించి రాసుకున్నారంటే ఎంత టెన్షన్‌లో ఉన్నారో ఊహించండి.

మరుసటి ఏడు పండిన పంట, అంతకుముందు ఐదేళ్లలో పండినదానికి సమానమని చెబుతారు. సంగతి పైకి పొక్కింది. అప్పటి ఆన్‌హుయ్ పార్టీ కార్యదర్శి వాన్ లీ అడ్డుకోలేదు సరికదా, వెనకేసుకొచ్చాడు. 1980లో దేశ అగ్రనేత డెంగ్ షియావోపింగ్ మెచ్చుకున్నాడు. మరో మూడు నాలుగేళ్లలో దేశమంతా దాదాపు ఇదే పద్ధతి.

ఇక్కడ ఆపేస్తే సొంత ఆస్తి గెలిచిందని తీర్పు చెప్పేయొచ్చు. కానీ ఆ రైతులకు ఎవరూ పట్టాలు ఇవ్వలేదు. ఈరోజుకీ చైనాలో పల్లె భూమి ఊరి ఉమ్మడి ఆస్తే, అమ్ముకునే హక్కు రైతుకు లేదు. మారింది మిగులు మీద హక్కు. సర్కారుకు కట్టాల్సింది కట్టు, ఊరికి ఉంచాల్సింది ఉంచు, మిగిలింది నీది అని అక్కడ జనం చెప్పుకునేవారు. గుత్తకు చేసే రైతుకూ, సగపాలుకు చేసే రైతుకూ తేడా ఏమిటో తెలిసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇది కూడా సగం కథే. సరిగ్గా 1979లోనే ప్రభుత్వం ధాన్యం కొనుగోలు ధర ఐదో వంతు పెంచింది, కట్టాల్సిన కోటాకు మించి అమ్మినదానికి ఇంకా సగం కలిపి ఇచ్చింది. 1970ల మొదట్లో విదేశాల నుంచి తెప్పించిన పెద్ద యూరియా ఫ్యాక్టరీలు అప్పటికి చేతికందాయి. యువాన్ లాంగ్‌పింగ్ అనే శాస్త్రవేత్త తయారుచేసిన హైబ్రిడ్ వరి పొలాల్లోకి వచ్చింది. కాలువలు కమ్యూన్ల కాలంలో తవ్వినవే. పల్లెల్లో కొద్దిపాటి శిక్షణతో వైద్యం చేసిన బేర్‌ఫుట్ డాక్టర్లూ, ఊరి బడులూ అప్పటివే. మిగులు నీదే అన్న మాటకు బలం వచ్చింది వీటివల్లే. నీళ్లూ ఎరువూ లేనిచోట ఆ మాట చెబితే మిగిలేదేముంది?

రష్యాలో 1992లో ధరలను ఒక్కసారిగా వదిలేశారు, ఫ్యాక్టరీలను వోచర్లతో, అంటే వాటాలకు మార్చుకునే చీటీలతో జనానికి పంచేశారు. మార్కెట్ వచ్చింది, దాంతోపాటు పేదరికమూ వచ్చింది. రెండు మూడేళ్లలో మగవాళ్ల సగటు ఆయుష్షు 60 లోపుకు పడిపోయింది. వియత్నాంలో కమ్యూనిస్టు పార్టీయే 1988లో పొలాలను ఇళ్లవారీగా అప్పగిస్తే, బియ్యం దిగుమతి చేసుకునే దేశం మరుసటి ఏడే పెద్ద ఎగుమతిదారు అయింది. జెండా రంగు చూసి ఈ రెండింటినీ వివరించడం నాకైతే సాధ్యం కాలేదు.

పొలం కడుపు నింపింది గానీ, చైనాలో అంతకుమించి డబ్బు వచ్చింది ఫ్యాక్టరీల నుంచి. షెన్‌జెన్ లాంటి నగరాలకు కోట్లమంది పల్లె కుర్రకారు వలస పోయారు. నివాస పత్రం సొంత ఊరి పేరునే ఉండటంతో నగరంలో పిల్లలకు బడి సీటు దొరకడం కష్టం. అందుకే పిల్లలను తాతయ్య నాయనమ్మల దగ్గర వదిలి పోయారు. ఆ వెలను 80 కోట్ల లెక్కలో ఎక్కడా తీసివేయలేదు.

మరి షియావోగాంగ్ ఏమైంది? ఒక్క ఏడాదిలో ఆకలి గీత దాటింది గానీ, ఇరవై ఏళ్లయినా సంపన్నుల గడప తొక్కలేదని చైనాలో దాని మీద ఒక మాట ఉంది. చిన్న చిన్న కమతాలతో అంతకన్నా సాధ్యపడలేదు. ఈ శతాబ్దం మొదట్లో ఆ ఊరివాళ్లు పొలాలను కౌలుకిచ్చి మళ్లీ ఒకటిగా కలపడం మొదలుపెట్టారు. ఊరి ఉమ్మడి కంపెనీలో ఇప్పుడు ఇంటింటికీ వాటాలున్నాయి. 2018లో తొలిసారి డివిడెండు పంచారు, మనిషికి 350 యువాన్లు.